మడత సైకిలుకు వెనక లైటు

మా ఇల్లు అశోక్‌నగర్‌లో, మూడో అంతస్తులో. నేను కవాడిగూడలో ఒక బడిలో లెక్కలు చెబుతాను. రెండింటి మధ్యా లోయర్ ట్యాంక్‌బండ్ రోడ్డు. ఏడాదిగా ఆ దారిలో మడత సైకిలు మీద వెళ్లి వస్తున్నాను. మా అపార్ట్‌మెంట్ కింద స్కూటర్లకే చోటు చాలదు కాబట్టి మామూలు సైకిలు కొనలేదు. దీనికి చక్రాలు చిన్నవి. నడుము దగ్గర రెండుగా మడిచి, సీటు కడ్డీని కిందికి దించితే ఒక చేత్తో పట్టుకుని మెట్లెక్కవచ్చు. ఇంట్లో తలుపు వెనక ఒదిగిపోతుంది.

చలికాలం మొదలయ్యాక బడి నుంచి బయటపడేసరికే మసక చీకటి పడుతోంది. పోయిన వారం అలా వస్తుంటే ఒక కారు నా వెనక సంచిని రాసుకుంటూ పోయింది. రోడ్డు పక్క మట్టిలో పడ్డాను. మోకాలు గీసుకుపోయింది, గాజులు చిట్లాయి, అంతకు మించి ఏమీ కాలేదు. కారాయన ఆపి, దిగి, పరుగున వచ్చాడు. "మేడం, అక్కడ మనిషి ఉన్నదని తెల్వనే తెల్వలే" అన్నాడు. అబద్ధం చెబుతున్నట్టు అనిపించలేదు.

మా ఆయన రఘు మోటారు ఇన్సూరెన్సు ఆఫీసులో పనిచేస్తాడు. ఇద్దరం ఒకే కాలేజీలో చదువుకున్నాం, అందుకే పేరుపెట్టి పిలుచుకుంటాం. నలిగిన బండ్ల ఫొటోలు చూడడమే రోజూ అతని పని. నా మోకాలికి మందు రాశాడు. మందు మూత పెట్టాక అన్నాడు: "శనివారం పోయి లైటు చూద్దం. మంచిది దొరకకపోతే సైకిల్ అమ్మేద్దం."

ఇదీ ఈ ప్రయాణానికి కారణం. మొత్తం మీద ఒక మెట్రో స్టేషను దూరం. అయినా ఇదే పని మీద వెళ్లేవాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను.

శనివారం నాలుగింటికి బయల్దేరాం. లైటు లేకుండా నన్ను మెయిన్ రోడ్డు ఎక్కనిచ్చేది లేదని రఘు అన్నాడు కాబట్టి చిక్కడపల్లి దాకా సైకిలును నడిపించుకుంటూ వెళ్లాం. లైబ్రరీ చుట్టుపక్కల పోటీ పరీక్షలకు చదివే పిల్లలు ఫుట్‌పాత్ మీదా, మెట్ల మీదా పుస్తకాలు తెరుచుకుని కూర్చున్నారు. ఎవరూ తలెత్తలేదు.

చిక్కడపల్లి మార్కెట్ పక్క సందులో ఒక చిన్న సైకిలు దుకాణం ఉంది. పంక్చర్లు వేస్తారు, పిల్లల సైకిళ్లు అమ్ముతారు. దుకాణాయన నా సైకిలు చుట్టూ ఒకసారి తిరిగి, మడత బందును వేలితో తట్టి చూశాడు. లోపలి నుంచి ఒక లైటు తెచ్చి మీట నొక్కాడు. ఎరుపూ నీలమూ మార్చి మార్చి వెలుగుతూ అది కూత పెట్టింది.

"ఎట్లుంది అక్కా? పోలీస్ బండి లెక్క ఉంటది. అందరు పక్కకు జరుగుతరు."

"కూత లేకుండా ఎర్రది ఒక్కటే ఉన్నదా అన్నా?"

"గట్లాంటిది ఎవరు తీస్కుంటరక్కా? పిల్లలకు కూతనే కావాలె." కాసేపు ఆలోచించి, "నారాయణగూడల పద్మక్క దుకాణం ఉన్నది. పెద్దోళ్ల సైకిళ్ల సామాను ఆమె దగ్గర దొరుకుతది" అని దారి చెప్పాడు. తన దగ్గర లేనిదాన్ని ఇంకో దుకాణంలో చూపించే వ్యాపారి కనబడితే ప్రయాణికులు సంతోషించాలి.

చిక్కడపల్లి స్టేషను కింద సైకిలు మడిచాను. సెక్యూరిటీ గార్డు వంగి చూసి, స్కానర్‌లో పట్టదని నవ్వి, పక్క నుంచి తెమ్మన్నాడు. మడత సైకిలుతో వెళ్లేవారు మెట్లకు బదులు లిఫ్టు వెతుక్కోవడం మంచిది. రైల్లో నిలబడడానికి చోటు దొరికింది. సంచీలో మునక్కాయలు నిలువుగా పెట్టుకున్న పెద్దామె నా చేతిలోదాన్ని చాలాసేపు చూసి అడిగింది.

"ఇది ఏం మిషన్ బిడ్డా?"

"సైకిల్ అమ్మా. మడిచిన."

"మంచిగున్నది. మా ఆయనను గిట్ల మడిచే ఏర్పాటుంటే ఊర్లకు తీస్కపోదును. ఏడికీ రానంటడు."

రఘు కిటికీ వైపు తిరిగి నవ్వాపుకున్నాడు. అంతలోనే నారాయణగూడ వచ్చేసింది.

పద్మగారి దుకాణం ఫ్లైఓవర్‌కు కాస్త ఇవతల ఉంది. యాభై దాటిన మనిషి. చేతికి గ్రీజు, తలలో కనకాంబరాలు. నేను జరిగింది చెప్పాను. ఆమె జాలిపడలేదు, సైకిలును విప్పమంది, మడవమంది, మళ్లీ విప్పమంది. తర్వాత మూడు లైట్లు తెచ్చి బల్ల మీద పెట్టింది.

మడత సైకిలుకు లైటు ఎంచుకోవడం ఎందుకు కష్టమో నాకు అక్కడే అర్థమైంది. మామూలుగా వెనక లైటును సీటు కింద కడ్డీకి బిగిస్తారు. నా సైకిలు మడవాలంటే ఆ కడ్డీ కిందికి దిగాలి. లైటు అడ్డం వస్తుంది. అంటే మడిచిన ప్రతిసారీ దాన్ని ఊడదీసి, మళ్లీ పెట్టాలి. మర్చిపోయిన రోజు మళ్లీ పాత కథే. రెండో రకం సంచికి తగిలించేది. మూడోది వెనక క్యారియర్ చివర బోల్టులతో బిగించేది. అడ్డంగా, వెడల్పుగా ఉంది, కానీ నేలకు బాగా దగ్గర.

రఘు మొదటిదాన్ని చేతిలోకి తీసుకున్నాడు. అన్నిటికంటే కాంతి ఎక్కువ, ఆరి ఆరి వెలుగుతుంది. "ఇదే. కళ్లల్ల కొట్టినట్టున్నది."

"రోజు ఊడదీసుడు నాతోని కాదు."

"ఊడదీసుడు కష్టమా, ఆస్పత్రిల పడుడు కష్టమా?"

పద్మగారు మధ్యలోకి వచ్చింది. "ట్యూబ్‌లైట్ కింద అన్నీ ఒక్క తీరుగనే ఉంటయి. జర పొద్దు గూకనీయుండ్రి. చాయ్ తాగి రాండ్రి. చీకట్ల పెట్టుకుని తిరిగి చూస్తె మీకే తెలుస్తది."

పక్క హోటల్లో చాయ్, ఉస్మానియా బిస్కెట్లు దొరుకుతాయి. బయట బల్ల మీద కూర్చుంటే రోడ్డంతా కనిపిస్తుంది. రఘు బిస్కెట్ ముంచి, తినకుండా అలాగే పట్టుకున్నాడు. సగం విరిగి కప్పులో పడింది.

"ఆఫీసుల ఒక్కొక్క ఫొటో చూస్తుంటే నీ సైకిలే యాదికొస్తున్నది" అన్నాడు. "బస్సుల పోతే ఏమైతది సరళా?"

బస్సులో ఏమీ కాదు. నాకు బాగా తెలుసు. బడిలో పిల్లలు అడుగుతారు, ఇంట్లో వంట అడుగుతుంది, ఫోను ఎప్పుడూ అడుగుతూనే ఉంటుంది. సైకిలు మీద ఉన్న కాసేపూ నన్ను ఎవరూ ఏమీ అడగరు. చెట్ల కింద చల్లగాలి తగులుతుంది. ఇంటికి వచ్చేసరికి నేను మళ్లీ మాట్లాడగలిగే మనిషినవుతాను. ఇదంతా అతనికి ఎప్పుడూ చెప్పలేదు. ఆ పూట చెప్పాను.

అతను కప్పు అడుగున ఉన్న బిస్కెట్‌ను చెంచాతో తీసి తిన్నాడు. "సరే. చూద్దం" అన్నాడు.

వీధి దీపాలు వెలిగాక దుకాణానికి తిరిగి వెళ్లాం. ముందు నేను తొక్కాను. రఘూ పద్మగారూ మెట్ల మీద నిలబడి చూశారు. మొదటి లైటుతో పక్క సందు చివరి దాకా వెళ్లి తిరిగొస్తే రఘు ముఖం వేలాడేసుకుని ఉన్నాడు.

"నీ చున్నీ గాలికి మీద పడ్డది. కనపడలే. కనపడ్డప్పుడు గూడ ఆరి ఆరి వెలుగుతుంటే దగ్గరున్నవో దూరమున్నవో తెలుస్తలేదు."

అతను ఎంచుకున్న లైటే కాబట్టి ఈ మాట అనడం అతనికి తేలిక కాదు. సంచికి తగిలించే లైటు సంచి ఊగినప్పుడల్లా ఆకాశాన్నో, రోడ్డునో చూసింది. ఇక క్యారియర్ లైటు మిగిలింది. పద్మగారు దాన్ని రెండు బోల్టులతో తాత్కాలికంగా బిగించింది.

"ఇప్పుడు నువ్వు తొక్కు. నేను చూస్త" అన్నాను రఘుతో.

"నేనా? కాలేజీ తర్వాత సైకిల్ ముట్టలే."

"ఇంతసేపు నువ్వే చూసినవు గద. నేనెట్ల కనపడ్తనో నేను చూడొద్దా?"

సీటు ఎత్తు పెంచాం. అయినా మోకాళ్లు పక్కలకు వచ్చాయి. మొదటి నాలుగు గజాలు చక్రం వంకర్లు పోయింది, తర్వాత నిలదొక్కుకున్నాడు. సందులో కాకుండా నేరుగా మెయిన్ రోడ్డు మీదికి వెళ్లాడు. ఆ ఎర్రటి వెలుతురు ఆరకుండా, కదలకుండా, ఆటోల మధ్య స్పష్టంగా కనిపించింది. చాలా దూరం దాకా కనిపించింది. లైటు మంచిదే అనుకున్నాను. అప్పుడు ఒక బస్సు ఎడమ పక్కకు వచ్చింది. అది కదిలిపోయాక చూస్తే లైటు లేదు.

వస్తాడనుకుని నిలబడ్డాను. స్కూటర్లు వచ్చాయి, ఆటోలు వచ్చాయి. రఘు రాలేదు. ఫోను చేశాను. అది దుకాణం బల్ల మీద, అతని కళ్లజోడు పక్కన మోగింది. కళ్లజోడు కూడా పెట్టుకోలేదని అప్పుడే చూశాను. ఫుట్‌పాత్ చివరిదాకా నడిచి, మెట్రో స్తంభాల మధ్య నుంచి అవతలికి చూశాను. ప్రతి ఎర్ర లైటూ అతనిదే అనిపించింది, దగ్గరికెళ్తే ఏదో బండిది. ఏడాదిగా సాయంత్రం నేను ఆలస్యమైతే అతను బాల్కనీలో ఎందుకు నిలబడతాడో ఆ కాసేపట్లో నాకు తెలిసింది. ఊరికే గాలికి నిలబడతాడనుకునేదాన్ని.

అతను పక్క సందులోంచి, మేం చూడని వైపు నుంచి వచ్చాడు. చొక్కా వీపుకు అంటుకుని ఉంది. నవ్వుతున్నాడు.

"ఏడికి పోయినవ్?" గట్టిగా అరిచినట్టున్నాను. చాయ్ హోటల్లో వాళ్లు తిరిగి చూశారు.

"మలుపుకునేటందుకు సందు దొరకలే. ముందుకు పోయి గల్లీలకెల్లి తిరిగొచ్చిన."

"చెప్పి పోవద్దా?"

"సైకిల్ మీద పోయెటోళ్లు ఎట్ల చెప్తరు?" అని, నా ముఖం చూసి నవ్వు ఆపేశాడు. "పరేషాన్ అయినవా?"

"బస్సు అడ్డమొచ్చింది. కనపడలే."

"బస్సు అడ్డమొస్తె ఏ లైటు కనపడ్తదక్కా?" అంది పద్మగారు మామూలు గొంతుతో. "గట్లాంటి లైటు నా దుకాణంల దొరకదు."

రఘు సైకిలు దిగలేదు, ఒక కాలు నేల మీద ఆనించి నిలబడ్డాడు. చివరికి హ్యాండిల్ నిమిరి, "ఇదే బిగించుండ్రి" అన్నాడు. తర్వాత నాతో మెల్లగా, "భయమైంది. గని గల్లీలకు రాంగనే మస్తు హాయిగ అనిపించింది" అన్నాడు.

పద్మగారు లైటు గట్టిగా బిగించి, సైకిలు మడిచి చూపించింది. మడిచినప్పుడు లైటు నేలకు తగలకుండా చక్రాల పక్కన ఉండిపోయింది. ఊడదీసే పని లేదు. క్యారియర్ మీద సంచి పెడితే లైటు మీదికి జారుతుంది కాబట్టి, సంచిని ముందు హ్యాండిల్‌కు తగిలించుకునే కొక్కెం కూడా ఒకటి ఇచ్చింది. ఇదే పని మీద వెళ్లేవారికి నా సలహా: సొంత సైకిలు తీసుకెళ్లండి, చీకటి పడేదాకా ఆగండి, వెనక నిలబడి చూసే మనిషిని ఒకరిని వెంట తీసుకెళ్లండి.

తిరుగు ప్రయాణానికి మెట్రో అవసరం లేకపోయింది. నేను సైకిలు మీద బయల్దేరాను. రఘు ఆటో మాట్లాడుకుని ముందు వెళ్లిపోతాడనుకున్నాను. చిక్కడపల్లి వైపు కొంతదూరం వెళ్లేసరికి నా వెనక హారన్లు ఒకటే మోత. సిగ్నల్ దగ్గర ఒక ఆటో నా పక్కకు వచ్చి ఆగింది. వెనక సీట్లో రఘు.

"అక్కా, సార్ నన్ను మీ ఎనకనే నడపమంటుండు" అని ఆటో ఆయన మొరపెట్టుకున్నాడు. "మీరు మంచిగనే కనపడ్తున్నరు. నా ఎనకున్నోళ్లు నన్ను తిడుతున్రు."

"రఘూ, ముందుకు పో. అన్నం వండుపో" అన్నాను.

అతను తల బయటికి పెట్టి నా సైకిలు వెనక వైపు ఒకసారి చూశాడు. పచ్చ లైటు పడింది. ఆటో నన్ను దాటి వెళ్లిపోయింది. దాని వెనక లైట్లలో ఒకటి వెలగడం లేదు.

మార్కెట్ ముందు కూరగాయల బండ్లు, అశోక్‌నగర్ మలుపులో దోసెల బండి చుట్టూ హాస్టల్ పిల్లలు. మోకాలు కొద్దిగా నొప్పిగా ఉంది. వెనక నుంచి వచ్చే స్కూటర్లు ముందుగానే పక్కకు తప్పుకుని పోతున్నాయి. పోయిన వారం దాకా అలా తప్పుకునేవో లేదో నేను గమనించలేదు. ఈ చిన్న ప్రయాణంలో చూసినవాటిలో నాకు గుర్తుండేది లైటు కాదు, ఆ బస్సు కదిలిపోయాక కనిపించిన ఖాళీ రోడ్డు.

మా వీధిలోకి తిరిగాను. కరెంటు స్తంభం దాటి, ఇంటి గేటు వైపు తొక్కుతున్నాను. గేటు దగ్గర ఎవరూ లేరు. బాల్కనీలో కూడా లైటు లేదు. అన్నం వండుతున్నాడు కాబోలు అనుకున్నాను.

అప్పుడు వెనక, వీధి మొదట్లోంచి, ఆటో దిగి గోడ పక్క చీకట్లో నిలబడి నన్ను ముందుకు పోనిచ్చిన రఘు గొంతు వినిపించింది.

"సరళా! కనపడ్తున్నవ్!"

నేను బ్రేకు వేయలేదు. గేటు దాటేసి, వీధి చివరిదాకా తొక్కుతూ పోయాను. అతను ఇంకా అక్కడి నుంచే అరుస్తున్నాడు.

"ఇంకా కనపడ్తున్నవ్!"