అంబదాస్ కాన్పూరు బూట్లు

జగిత్యాల తాలూకాలో ఉన్న జోళ్లలో సగం ఒక్క అంబదాస్ ఇంట్లోనే ఉండేవి. సగం అంటే మరీ సగం అనుకోకండి. కాన్వెంటులో మా సిస్టర్ నన్ను మోకాళ్ల మీద నిలబెట్టి అడిగితే ఏడు జతలకు దిగేవాణ్ణి. అంతకన్నా తగ్గను.

అంబదాస్ మా వీధి నేతగాడు. పొద్దంతా గుంట మగ్గంలో కాళ్లు దించి, వట్టి పాదాలతో పలకలు తొక్కుతూ చీరలు నేసేవాడు. చెప్పులతో అంత తక్కువ పని ఉన్న మనిషి వీధి మొత్తంలో లేడు. అయినా భైంసా అంగడిలో కొల్హాపురి చెప్పులు, పోలీసు చర్య ముగిసి ఇంటికి పోతున్న ఒక సిపాయి దగ్గర పట్టీల బూట్లు, ఇలా ఒక్కొక్కటే కొనితెచ్చి, ఆముదం రాసి దూలానికి వేలాడదీశాడు. ఏడో జత కాన్పూరు బూట్లు. రెండు నెలల మజూరీ వాటికే పోయింది.

అవి కొన్న సాయంత్రం అతని భార్య కమలవ్వ పొయ్యి వెలిగించలేదు.

"గీ తోలుకు గంత ధర ఏందయ్యా?"

"గట్టి మాలు. రేపు మనుమలు గూడ తొడుగుతరు."

"మనుమలదాంక ఎందుకు? ధర్మపురి జాతరకు నడిచి పోయి రా. బూట్లు మంచిగుంటె ఏడు జతలు ఉంచుకో. అరిగినా, కుట్లు పోయినా అన్నీ అంగట్ల పెడత."

అంబదాస్ ఒప్పుకున్నాడు గాని, దూలం బోసిగా ఎలా ఉంటుందో తలచుకుంటూ రాత్రంతా దాని కిందే కూర్చున్నాడు.

బూట్లు తొడుక్కునే బయలుదేరాడు. ఊరు దాటగానే కంకర బాట. మా వైపు కొత్త చెప్పులు కొన్నవాడు దారి పొడవునా వాటిని చేతిలో పట్టుకుని నడుస్తాడు, చేరవలసిన ఊరి పొలిమేరలో తొడుక్కుంటాడు. అంబదాస్ చేతులు తమంతట తామే ఆ పని చేశాయి. గోదావరి ఒడ్డున ఇసుక కాలుతుంటే బూట్లను తువ్వాలలో చుట్టి నెత్తిన పెట్టుకున్నాడు. గుడి దగ్గర మరో చిక్కు. తోలు లోపలికి తేకూడదు, బయట విడిచే ధైర్యం లేదు. నరసింహస్వామికి గోపురం బయటి నుంచే దండం పెట్టి తిరుగుముఖం పట్టాడు.

ఇంటికి వచ్చి బూట్లను భార్య ముందు పెట్టాడు.

"చూడు. గింతంత గూడ అరగలే."

కమలవ్వ వాటిని తిరగేసి అడుగులు చూసింది.

"ఏవీ, నీ కాళ్లు చూపెట్టు."

పాదాల నిండా బొబ్బలు.

"బూట్లు గట్టియే. నేనేమనలే. నీ కాళ్లే కచ్చా మాలు."

"శర్తు గెలిచిన గద?"

"గెలిచినవు. ఉంచుకో. మగ్గం ఎట్ల తొక్కుతవు మరి?"

తొక్కలేకపోయాడు. బొబ్బలు పుండ్లయి పక్షం రోజులు మగ్గం ఆగింది. ఇల్లు గడవడానికి అంబదాసే ఒక్కో జత దింపి అంగడికి పంపాడు. ఆరు జతలు పోయాయి. కాన్పూరు జత కోసం వచ్చినవాళ్లు ధర విని, ఎంత గట్టివో మెచ్చుకుని వెళ్లిపోయారు. ఊరు దాటాక వాటిని ఎవరూ తొడగలేదు కనుక అంత ధర పెట్టవచ్చునో లేదో నేటికీ తేలలేదు.

ఇది రాసి అంబదాస్‌కు చదివి వినిపించాను. అతను బీడీ ఆర్పి, "నేను ధర్మపురి పోనేలే. నాకు బూట్లే లెవ్వు. గిదంత అబద్ధం" అన్నాడు.