గ్యాలరీలో చెప్పాల్సిన మాట

గదికో కాపురం ఉండే మా చాల్‌లో పసిపిల్లలకు నీళ్లు పోసే అవ్వ మొన్న మంగళవారం పొద్దున పోయింది. నల్లా దగ్గర ఈ వార్త చెప్పిన పక్కింటి వదిన, "పాపం, ఆఖరుకు నీళ్లు పొయ్యనీకి ఎవ్వరు పిలువకపాయిరి" అని కూడా అంది. ఎవ్వరూ పిలవకపోవడానికి కారణం నేను. నేను నిజం దాచానని మాత్రం అప్పటికి వదినకు తెలియదు.

ముంబై కామాఠిపురలో మా గల్లీ తెలుగువాళ్లలో ఆమె చేతుల్లో పడనివాళ్లు తక్కువ. నాకూ నీళ్లు పోసింది ఆమే. గది మూలన స్నానాల మోరీలో పీట వేసుకుని, రెండు కాళ్లూ చాచి, వాటి మీద బిడ్డను బోర్లా పడుకోబెట్టేది. చెంబు ఎత్తే ముందు మోచేత్తో వేడి చూసేది. బిడ్డ నిద్రపోయాకే చాయ్ ముట్టేది, అదీ సాసర్‌లో పోసుకుని. ఏ ఇంటి గుట్టూ ఆమె నోట ఇంకో ఇంటికి చేరలేదు. "నీళ్లు పోసిన ఇంటి మాట నీళ్లల్లనే పోవాలె" అనేది.

నా కూతురు పుట్టినప్పుడు ఆస్పత్రిలో ఏదో పరిశోధనకని బొడ్డుతాడు రక్తం తీసుకున్నారు. చదవకుండానే సంతకం పెట్టాను. ఇంటికొచ్చాక మూడో స్నానం నాడు అవ్వ పాప వీపు మీద అరచెయ్యి ఆనించి, ఆగింది.

"ఈ పిల్ల తోలు శాన పొడిగున్నది బిడ్డా. శెనగపిండి ఒద్దు. ఉత్త నీళ్లు పోస్త."

నేను వినలేదు. పాపది నా రంగే, నలుపు. మా అత్త అప్పటికే మూతి ముడుచుకుని ఉంది. "నలుగు పెడ్తె రంగొస్తదంటరు. పెట్టు అవ్వా" అని పట్టుబట్టాను.

"నా చేతులైతె ఒద్దంటున్నయి. నీ బిడ్డ, నీ ఇష్టం" అని పెట్టింది.

నాలుగో నెలకు పాప బుగ్గలు ఎర్రబడ్డాయి. మోచేతి మడతల్లో చర్మం పగిలి నెత్తురు కారేది. గోక్కోకుండా చేతులకు సాక్సులు తొడిగితే, తలగడకేసి ముఖం రాసుకునేది. డాక్టరు ఎగ్జిమా అన్నాడు. "ఎవలు ఏం రాసిన్రు పిల్లకు?" అని అత్త నిలదీసింది. నేను తిన్నగా గదులన్నిటి ముందూ సాగే గ్యాలరీలోకి వచ్చి, తలుపులన్నీ తెరుచుకునేలా అవ్వ మీద అరిచాను. "నీ చేతులే నా బిడ్డ తోలు తిన్నయి!"

పిండి పెట్టమన్నది నువ్వే కదా అని అవ్వ ఒక్క మాట అంటే నా పని అయిపోయేది. ఆమె కొంగుతో చేతులు తుడుచుకుని, "అట్లనా బిడ్డా" అంది. అంతే. ఆ తర్వాత మా చాల్‌లో నిండు నెలల వాళ్లు ధారావి నుంచి ఇంకొకామెను పిలిపించుకోవడం మొదలుపెట్టారు. అవ్వ గడప మీద కూర్చుని ఒక హోటల్‌కు వెల్లుల్లి ఒలిచేది.

పోయినేడు ఆస్పత్రిలో పరిశోధన డాక్టరమ్మ తల్లులందరినీ కూర్చోబెట్టి చెప్పింది. పుట్టేనాటికే బొడ్డు రక్తంలో జన్యువుల మీద కొన్ని రసాయన గుర్తులు ఉంటాయట. అవి ఒక తీరుగా ఉన్న పిల్లలకు ఎగ్జిమా వచ్చే ముప్పు ఎక్కువట. ముప్పే, ఖాయమని కాదు. మా పాప గుర్తులేమిటో విడిగా చెప్పలేనంది. పొడి చర్మానికి పిండి రుద్దితే బాధ ముదురుతుంది గానీ, నీళ్లు పోసిన చేతుల నుంచి ఈ జబ్బు పుట్టదని మాత్రం గట్టిగా చెప్పింది.

అక్కడి నుంచి నేరుగా అవ్వ ఉండే గదికి, ఆమె ఖోలీకి పోయాను. తలుపు దగ్గరికేసి, ఏడ్చి, తప్పు నాదన్నాను. ఆమె వెల్లుల్లి ఒలవడం ఆపలేదు.

"నాకు చెప్తె ఏమొస్తది బిడ్డా? గ్యాలరీల అన్నవు. గ్యాలరీల చెప్పు."

"రేపు చెప్త" అన్నాను. ఆ రేపు అత్త నల్లా దగ్గరే ఉంది. ఆ వారం నోరు రాలేదు. తర్వాత వానలు. ఏడాది గడిచింది. పిరికిదాన్ని, ఇంకో పేరెందుకు?

మంగళవారం ఆఖరి స్నానానికి అవ్వను గ్యాలరీలో చెక్క మీద పడుకోబెట్టారు. మొదటి చెంబు నేను తీసుకున్నాను. "శెనగపిండి అవ్వ ఒద్దన్నది" అన్నాను, అందరికీ వినపడేలా. "రంగొస్తదని పెట్టమన్నది నేను. నా బిడ్డ రోగం అవ్వ చేతుల నుంచి రాలె."

అత్త తల దించుకుంది. వదిన నన్నే చూస్తూ, "ఆమె బతికున్నప్పుడు చెప్పకపోతివి?" అంది.

గడపలో నిలబడ్డ నా కూతురు మోచేతి మడత గోక్కుంటూ, "మమ్మీ, నీళ్లు గరం ఉన్నయా?" అని అడిగింది. మోచేత్తో చూశాను, గోరువెచ్చగా ఉన్నాయి. మోరీలో చాచినట్టే అవ్వ కాళ్లు రెండూ జతగా చాచి ఉన్నాయి. వాటి మీద నీళ్లు పోశాను.