నల్లి బొక్క

పొట్ట కుదించే ఆపరేషన్ అయ్యాక నేను విందు భోజనాలకు వెళ్లడం దాదాపు మానేశాను. మా కోనసీమలో వడ్డించింది వదిలేస్తే వంట బాగాలేదన్నట్టే. నాకేమో నాలుగు ముద్దలకే పొట్ట నిండిపోతుంది. తప్పనిసరైతే వెళ్లి, ఫోన్ వచ్చినట్టు చెవిన పెట్టుకుని మధ్యలో లేచిపోయేవాణ్ణి.

ఆఫీసు పని మీద హైదరాబాద్ వెళ్లినప్పుడు, నరేష్ అనే సహోద్యోగి కోకాపేటలో తన ఇంటికి దావత్‌కు పిలిచాడు. అద్దాల టవర్ల వెనక పాత ఇల్లు. మేడ మీద చాపలు పరిచి అందరినీ వరసగా కూర్చోబెట్టారు. బగారా అన్నం, మటన్. నా నాలుగు ముద్దలూ అయిపోయాయి. అలవాటుగా ఎడం చేత్తో ఫోన్ తీశాను.

"ఏమైంది బిడ్డా, కూర మంచిగ లేదా?" అంది నరేష్ వాళ్లమ్మ, గరిటెతో వచ్చి.

"అయ్యో, బాగుందండీ. బరువు తగ్గడానికి ఆపరేషన్ చేయించుకున్నాను. ఇంతకంటే పట్టదు." ఎందుకో ఆవిడతో అబద్ధం చెప్పలేకపోయాను.

ఆవిడ జాలిపడలేదు, బతిమాలలేదు. నా కంచం పక్కకు జరిపి, చిన్న గిన్నెలో మూలుగ ఉన్న ఎముక ఒకటి వేసి ఇచ్చింది.

"గీ నల్లి బొక్క చప్పరిస్త కూసో. దావత్ అంటె తినుడొక్కటేనా? నలుగురితోని కూసునుడు."

కూర్చున్నాను. పక్కాయన, ఆ టవర్ల కోసం తాము అమ్మేసిన పొలాల గురించి చెప్పాడు. నేను మా కాలవల గురించి చెప్పాను.

బసకు చేరాక మా ఆవిడ ఫోన్ చేసి, ఏం తిన్నారని అడిగింది.

"చివరిదాకా కూర్చున్నాను" అన్నాను.