బొమ్మ లారీకి ఏ నూనె పోయాలి?

మా ఆయన బొమ్మ లారీతో ఆడుకునేవాడని చెబితే అందరూ నవ్వుతారు. నవ్వండి, నాకేం. నేనూ నవ్వాను, మా వంటింట్లో నూనె డబ్బా ఖాళీ అయ్యేదాకా.

ఆ లారీ బెంగళూరులో ఉన్న మా అన్నది. రిమోటుతో నడుస్తుంది, మూరెడు పొడుగు, నాలుగు లావు చక్రాలు. పాతబడిందని మా ఆయనకు ఇచ్చేశాడు. ఈయన దాన్ని బస్సులో ఒళ్లో కూర్చోబెట్టుకుని గార్లదిన్నె దగ్గర ఉన్న మా ఊరికి తెచ్చాడు. పెళ్లయిన కొత్తలో నన్ను అదే బస్సులో తెచ్చినప్పుడు నాకు సీటు కూడా పట్టలేదు మహానుభావుడు.

మా మామకు ఆ బండిని చూస్తేనే ఒళ్లు మండేది. వానల్లేక చెనిక్కాయ పంట వరసగా పోతుంటే ఎదిగిన కొడుకు బొమ్మతో ఆడుకుంటున్నాడని ఆయన బాధ. మా ఆయనకు సేద్యం మీద మనసు లేదు. అనంతపురంలో రేడియోలూ టీవీలూ బాగుచేసే అంగడి పెట్టాలని ఆశ. నిజం చెప్పాలంటే ఆ ఆశ నాకే ఎక్కువ. బోరు దగ్గర బిందె పెట్టుకుని కరెంటు కోసం కాచుకుని కూర్చుని నాకు ప్రాణం విసిగిపోయింది. టౌన్లో కుళాయి రోజు విడిచి రోజు వస్తుందట, అయినా సరే, నాకు కుళాయి కావాలి.

ఒకరోజు అంగడి మాట మళ్లీ ఎత్తేసరికి మామ తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు.

“నీ చేతిలో పనితనం ఉండాదో, ఉత్త ఆటే ఉండాదో చూస్తాలే. ఇంటికాడి నుంచి చేనికి ఆ బండి మీద నాకు గ్లాసెడు మజ్జిగ పంపిచ్చు. చుక్క ఒలక్కుండా వస్తే అంగడి పెట్టుకో. ఒలికితే దాన్ని అటకెక్కిచ్చి మడక పట్టి చేను దున్ను.”

“నాయనా, మాట మీద ఉంటావా?” అన్నాడు మా ఆయన.

“నేనేమన్నా ఎలచ్చన్లలో నిలబడినానా, మాట తప్పేదానికి?”

మజ్జిగ దాకా ఎందుకు, మొదట నీళ్ల గ్లాసు పెట్టి చూశాం. గడప దాటకుండానే దబ్బున పడింది. ప్రతి చక్రం దగ్గరా ఒక స్ప్రింగూ, దాని లోపల నూనె ఉండే చిన్న గొట్టమూ ఉన్నాయి. ఆ నూనె ఎప్పుడో కారిపోయింది. మా ఆయన ఎస్టీడీ బూత్‌కు పోయి మా అన్నకు ఫోన్ చేశాడు. “షాకుల్లో షాక్ ఆయిల్, డిఫ్‌లో డిఫ్ ఆయిల్ పోసుకో” అన్నాడట అన్న. మీటరు గిర్రున తిరుగుతుంటే ఈయన గాభరాపడి ఇంకేమీ అడక్కుండా పెట్టేశాడు.

మా సీమలో షాక్ అంటే బోరు మోటారు కొట్టేదే. కాబట్టి ఆయన నేరుగా మోటార్లకు వైండింగ్ చేసే అంగడికి పోయాడు.

“అన్నా, షాక్ ఆయిల్ ఉండాదా?”

“షాక్ కొట్టకుండా ఏసేదా? ట్రాన్స్‌ఫార్మర్ నూనె ఉండాది, తీసకపో,” అన్నాడు అంగడాయన.

తెచ్చి పోశాడు. నీళ్ల మాదిరి పల్చన! బండి కప్ప గెంతినట్టు గెంతింది. గ్లాసు ఎగిరి వాకిట్లో కూర్చున్న మా అత్త ఒళ్లో పడింది. ఆమె తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. మిగిలిన నూనె మాత్రం మోకాళ్ల నొప్పులకు మంచిదని దాచుకుంది, నేను ఎంత వద్దన్నా వినలేదు.

తర్వాత నా చెనిక్కాయ నూనె మీద పడ్డాడు. అదీ పల్చనే, అదీ గెంతుడే. తెల్లారి చూస్తే బండి నిండా చీమలు. అప్పుడు నాకు కోపం నషాళానికి అంటి, ఈసారి నేనే పోయి అన్నకు ఫోన్ చేశాను.

“షాకులంటే స్ప్రింగుల్లోని ఆ గొట్టాలే. స్ప్రింగు ఎగరకుండా నూనె బిగబట్టల్లమ్మా,” అన్నాడు అన్న. “మరీ పల్చనైతే గెంతుతుంది, మరీ చిక్కనైతే బిగుసుకుంటుంది. డిఫ్ అంటే చక్రాల మధ్య పండ్లచక్రాలు, అదే గేర్లు, ఉండే డబ్బా. అందులో ఇంకా చిక్కగా పోయల్ల. లేకుంటే ఒక చక్రం గాల్లోకి లేస్తే అదొక్కటే తిరిగి, తక్కినవి నిలబడిపోతాయి.”

“ఎంత చిక్కగా?”

“తేనె మాదిరి.”

ఇంటికొచ్చి మా ఆయనకు చెప్పాను. “తీగపాకం అంత ఉండల్ల.” చెప్పడం నా తప్పే. మర్నాడు నేను బోరు నుంచి వచ్చేసరికి, పండక్కి ఓళిగలు చేద్దామని దాచిన బెల్లమంతా పొయ్యి మీద కుతకుతలాడుతోంది.

“ఏమయ్యా, నీకేమన్నా మతి పోయిందా?”

“నువ్వే కదే తీగపాకం అంటివి!”

ఆ పాకాన్ని డిఫ్‌లో పోశాడు. సాయంత్రానికి అది ముదిరి గట్టి ఉండైంది. చక్రాలు కదలవు, మెదలవు. చీమలు మాత్రం బాగా కదిలాయి. వేడినీళ్లు పోసి కడగడానికి మాకు ఒక పూట పట్టింది. కడుగుతూ కడుగుతూ ఇద్దరం వేళ్లు నాక్కున్నామని మా మామకు తెలియదు.

ఇక పెత్తనం నేనే తీసుకున్నాను. లారీల మెకానిక్ దగ్గర్నుంచి గేరు నూనె, కాస్త గ్రీసు తెప్పించాను. గిన్నెలో కలుపుతూ, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య సాగదీసి చూస్తూ కూర్చున్నాను. సన్నగా తీగ సాగగానే “ఆపు, ఇదే” అన్నాను. అది డిఫ్‌కు పోయింది. ఎన్నిసార్లు సీకాయతో కడిగినా వేళ్ల కంపు పోలేదు, నా చేత్తో పెట్టిన ముద్ద వద్దని మా అత్త మొహం తిప్పుకుంది.

షాకులకు ఆముదం పోశాం. పొద్దున్నే నడిపితే బండి కర్రలా బిగుసుకుని గ్లాసును పడేసింది. మా ఆయన తల పట్టుకున్నాడు. తలకు ఆముదం పెట్టుకునే ముందు పల్చబడాలని నేను గిన్నెను ఎండలో పెడతాను, అది గుర్తొచ్చింది.

“ఎండ ఎక్కనీ. మన అనంతపురం ఎండకు ఆముదమే కాదు, రాయైనా మెత్తబడుతుంది,” అన్నాను.

మిట్టమధ్యాహ్నం మజ్జిగ గ్లాసును బండి మీద చుట్టకుదురులో కూర్చోబెట్టి బయల్దేరాం. బండి ముందు, రిమోటుతో ఈయన వెనక, ఆ వెనక నేను. బండి రాళ్లెక్కింది, ఎండిన వంక దిగింది, గట్టు మీద ఒక చక్రం గాల్లోకి లేచినా ఆగలేదు. మజ్జిగ అంచు దాకా ఊగి మళ్లీ వెనక్కి పోయేది. దేవుడా, మా కుళాయి అందులోనే ఊగుతోంది!

మామ బోరు దగ్గర బండ మీద కూర్చుని ఉన్నాడు. గ్లాసు తీసుకుని అడుగు తడిమి చూశాడు. పొడిగా ఉంది. గటగటా తాగాడు.

“ఉప్పెయ్యలే,” అన్నాడు.

నాకు ఏడుపొక్కటే తక్కువ. అంగడి సంగతి ఎత్తుతాడేమోనని ఇద్దరం ఆయన నోటివైపే చూస్తున్నాం. ఆయన చెయ్యి చాచాడు.

“ఆ పెట్టె ఇట్టియ్యి.”

రిమోటు తీసుకుని మీట మొత్తం లాగాడు. బండి దూసుకుపోయింది. మామ పంచె ఎగ్గట్టి దాని వెనక పరుగు! కోడలిగా వచ్చినప్పటినుంచి ఆయన అట్లా నవ్వడం నేను చూడలేదు. బండి పోయి పోయి బోరు పైపుకు గుద్దుకుంది. ఒక చక్రం ఊడి చేలోకి దొర్లింది.

మామ చక్రం తెచ్చి తువ్వాలుతో దుమ్ము తుడిచాడు.

“దీన్ని బాగు చేసేటోడు అనంతపురంలో ఉండాడా?”

“లేడు నాయనా.”

“మరి ఈడ నిలబడి ఏం చేస్తాండావు? బిరీన పోయి అంగడి పెట్టు. నేను మళ్లా నడపల్ల.”