ఊటీ దుంపను పెంచిన బాబాయ్

మా పై వాటా బాబాయ్ పోయారన్న కబురు నేను కోర్టులో టైపు చేసుకుంటుండగా తెలిసింది. శ్రావణమాసం, మధ్యాహ్నం భోజనాల వేళ. పిన్ని ఫోన్ చేసి, "అమ్మాయ్, మీ బాబాయ్ కుర్చీలో కూచున్నాయన కూచున్నట్టే ఉన్నాడే. పిలిస్తే పలకట్లా" అంది. ఆటోలో ఇంటికి చేరేసరికి డాక్టరు చూసి వెళ్లిపోయారు కూడా. నాకు ఏడుపు రాలేదు. దుంపకు మళ్లీ నీళ్లు ఎప్పుడు పోయాలో ఈయన్ని సరిగ్గా అడిగి తెలుసుకోలేదే అనుకున్నాను. ఆ సమయంలో ఆ ఆలోచన ఎందుకొచ్చిందో నాకిప్పటికీ అర్థం కాదు.

ఆయన నాకు చుట్టం కాదు. నరసరావుపేటలో వాళ్లింటి కింది వాటాలో తొమ్మిదేళ్లుగా అద్దెకుంటున్నాను, అంతే. మిర్చి కోల్డ్ స్టోరేజీలో మిషన్ ఆపరేటరుగా చేసి రిటైరయ్యారు. పూలంటే గిట్టేది కాదు. నేను మెట్ల మీద బంతి కుండీ పెడితే, "ఇదేంది కాళ్లకడ్డం?" అని తీయించారు. అలాంటి మనిషి నాలుగేళ్ల కిందట ఊటీ వెళ్లి, బస్సులో ఒళ్లో పెట్టుకుని ఒక సైక్లమెన్ మొక్కను తెచ్చారు. తమలపాకును కుదించినట్టుండే ఆకులు, వాటి మీద వెండిగీతలు, ఈదురుగాలికి వెనక్కి మడుచుకున్న గొడుగుల్లాంటి గులాబీరంగు పూలు. అడుగున సగం మట్టిలో, సగం పైకి ఒక దుంప. వీధిలో అందరూ దాన్ని ఊటీ దుంప అనేవాళ్లు.

మన ఎండలకు అదెక్కడ బతుకుతుందని నవ్వినవాళ్లలో నేనూ ఉన్నాను. "మీ కోల్డ్ స్టోరేజీలో పెట్టించండి బాబాయ్" అన్నాను.

"ఆ చలి మిరపకాయలకి. లోపలంతా చీకటి. దీనికి చలీ కావాల, వెలుగూ కావాల" అన్నారాయన.

ఎండ పడని ఉత్తరపు కిటికీలో పెట్టారు. చలికాలం పొద్దున్నే పళ్లెంలో నీళ్లు పోసి కుండీని అందులో దించేవారు. మట్టి తడిశాక మిగిలిన నీళ్లు పారబోసేవారు. పైనుంచి చుక్క పోయనిచ్చేవారు కాదు. "దుంప నెత్తిన నీళ్లు నిలిస్తే కుళ్లుద్ది" అనేవారు. వాడిన పువ్వును కత్తిరించేవారు కాదు. కాడను మెలితిప్పి మొదలంటా లాగేసేవారు. ఎండలు ముదిరాక ఆకులు పసుపెక్కి ఒక్కొక్కటే రాలిపోయాయి. చచ్చిపోయిందా అనడిగాను. "పడుకుంది. నీళ్లు పోసి లేపమాక" అన్నారు.

ఆ మరుసటి వేసవిలో ఆయనకు గుంటూరులో ఆపరేషన్ జరిగింది. వెళ్లేముందు కుండీని నాకప్పగించి, నీళ్లు పోయొద్దని మరీ మరీ చెప్పారు. వారం రోజులు ఓర్చుకున్నాను. బయట కాకులు కూడా నోళ్లు తెరుచుకుని కూర్చునే ఎండ. లోపల నెర్రెలిచ్చిన మట్టిలో ముడతలు పడ్డ ఆ దుంప. చూడలేక చెంబెడు పోశాను. మర్నాడు ఇంకో చెంబు.

తిరిగొచ్చాక ఆయన బొటనవేలితో దుంపను నొక్కి చూశారు. వేలు లోపలికి దిగింది.

"పోశావు కదూ?"

"ఎండిపోతంటే చూడలేకపోయా బాబాయ్."

ఆయన కుట్లు నొప్పి పెడుతున్నా నేల మీదే చతికిలబడి, దుంపను బయటికి తీసి, కుళ్లినంత మేరా చాకుతో చెక్కేశారు. మిగిలిన సగానికి పసుపు అద్ది నీడలో ఆరబెట్టారు. అప్పుడన్నారు: "జాలి మంచిదేనమ్మాయ్. కానీ నీ బాధ తీరటానికి దానికి నీళ్లు పోయగూడదు."

ఆ శీతాకాలం ఒకటే పువ్వు పూసింది. నన్ను మెట్ల మీంచి కేకేసి పిలిచారు. "రా రా, నీ మీద కేసు కొట్టేశారు!"

అసలెందుకు పెంచారో ఒకసారి అడిగాను. ముప్పయ్యేళ్లు చలిలో బస్తాలకు కాపలా కాశాను, ఆ చలికి పూసేదొకటి ఉందంటే చూడాలనిపించింది అన్నారు. నేనదే నిజమనుకున్నాను. పెద్దకర్మ నాడు పిన్ని, "ఊటీలో ఆ మొక్కల కొట్టువాడు వదల్లేదే, మొహమాటానికి కొన్నాడు" అంది. ఆయనతో పనిచేసిన పెద్దాయనేమో, పిన్నికి పూలు కొనిచ్చే అలవాటు లేకపోయిందని బాధపడి తెచ్చాడన్నాడు. కోర్టులో సాక్షులు ఇలా తలోమాట చెబితే ఏదో ఒకటి అబద్ధమని తేలుస్తారు. ఇక్కడ ఏది కొట్టేయాలో నాకు తెలియలేదు. మూడూ ఆయన అనగలిగిన మాటలే. తొమ్మిదేళ్లు రోజూ చూసిన మనిషి నాకు ఎంత తెలుసో తెలియలేదు.

ఆ రోజే పిన్ని కుండీ తెచ్చి నా చేతిలో పెట్టింది. "దీన్ని చూస్తే నాకు ఏందో అయిపోతంది. తీసకపో."

కార్తీకం వచ్చింది. దుంప గట్టిగానే ఉంది, మొలక లేదు. నర్సరీ అతను నీళ్లు పొయ్యమన్నాడు. అక్కడే మొక్కలు కొంటున్నావిడ, పోయింది పారెయ్యమంది. పోస్తే కుళ్లుతుందేమో, పోయకపోతే ఎండుతుందేమో. నా జాలి ఎంతో, దాని అవసరం ఎంతో నాకు విడిగా కనిపించలేదు. పైగా నా వాటాకు ఉత్తరపు కిటికీయే లేదు. చివరికి కుండీ పట్టుకుని మేడెక్కాను. పిన్ని కిటికీ దగ్గరున్న మందుల డబ్బాలు పక్కకు జరిపింది.

పళ్లెంలో కొద్దిగా నీళ్లు పోశాం.

"లేచిద్దంటావా?" అంది.

"తెలీదు పిన్నీ. ఇంకా పడుకునే ఉందేమో."

నిన్న పొద్దున చూద్దామని వెళ్లాను. దుంప అంతకుముందులాగే ఉంది. పిన్ని వంటింట్లో పొయ్యి ముందు నిలబడి కుక్కర్ వైపే చూస్తోంది. ఆవిరి ఎగదన్ని కూత వేయబోతుండగా గబుక్కున స్టవ్ ఆపేసింది. నేనేదో అనబోతుంటే, కిటికీ వైపు కళ్లతో చూపించి, పెదవుల మీద వేలు పెట్టుకుంది.