ఇంటి కోసం ప్రార్థన మనవి

ఈ దీవిలో మా చర్చి సంఘంలో ఆదివారం ఆరాధన చివర కాసేపు ప్రార్థన మనవులకు ఉంటుంది. ఎవరికి ఏ అవసరం ఉంటే వాళ్ళు లేచి నిలబడి చెప్పుకుంటారు. ఒకరికి మోకాళ్ళ నొప్పి, ఒకరి కొడుక్కి ఉద్యోగం, ఒకామె భర్త చెన్నై ఓడలో ఉన్నాడు, సముద్రం బాగోలేదు. పాస్టర్ గారు అన్నిటినీ ఎత్తి ప్రార్థిస్తారు, మేం ఆమెన్ అంటాం. ఈ మధ్య కొన్ని నెలలపాటు నా మనవి ఒకటే. మిడిల్ పాయింట్ పేటలో, మా జీతాలకి అందే అద్దెలో, ఒక ఇల్లు. నేను లేవబోతుంటేనే వెనక వరసలో ఆడవాళ్ళు "ఇల్లు" అని గొణుక్కునేవాళ్ళు.

అప్పటికి మేం ఇంకో పేటలో, జంగ్లీఘాట్‌లో ఉన్నాం. నేనూ, నా భార్యా, మా అమ్మా, బడికెళ్ళే మా అమ్మాయీ. ఆ ఇంటాయన టూరిస్టులకు గదులు కట్టుకుంటానని మమ్మల్ని ఖాళీ చేయమన్నాడు. అనడంతో ఊరుకోలేదు, మేం లోపల ఉండగానే మేస్త్రీని తీసుకొచ్చి గోడలు కొలిపించాడు. మంచం మీద కూర్చున్న మా అమ్మని కాస్త లేవమ్మా అన్నాడు ఆ మేస్త్రీ. ఆ రోజు నాకొచ్చిన కోపం ఇంతా అంతా కాదు. మనుషులున్న ఇంట్లో నిలబడి మనుషులు లేనట్టు ఎలా మాట్లాడతారని, కనపడ్డవాళ్ళందరి దగ్గరా అదే పాట పాడాను.

అమ్మాయి చదివే బడీ, నా భార్య పాఠాలు చెప్పే బడీ ఒకటే, అది మిడిల్ పాయింట్‌లో ఉంది. అందుకే అక్కడే కావాలని పట్టుపట్టాం. కాళ్ళరిగేలా తిరిగాం. ఫ్యామిలీ అనగానే కొందరు మొహం అటు తిప్పుకున్నారు, టూరిస్టుల దగ్గర రోజు లెక్కన వచ్చే డబ్బు వాళ్ళకి అలవాటైపోయింది. ఒకావిడ ఎండుచేపలు వండుతారా అని అడిగింది. మా తాత ఆంధ్రా తీరం నుంచి ఈ దీవికి వలలతో వచ్చినవాడు, ఎండుచేపలు లేకుండా మా ఇంట్లో వారం గడవదు, అయినా వండం అనే చెప్పాను. ఇంకోచోట ఇల్లు బావుంది, అద్దె బావుంది, నీళ్ళే లేవు. ఈ ఊళ్ళో అద్దె ఎంతన్నది రెండో ప్రశ్న. కుళాయి ఎన్నాళ్ళకొకసారి వస్తుందన్నది మొదటిది. ఎండాకాలం కుళాయి వచ్చిన పూటే డ్రమ్ములన్నీ నింపుకోవాలి, మళ్ళీ వచ్చేదాకా వాటితోనే నెట్టుకురావాలి.

ఒక ఆదివారం ఆరాధన అయ్యాక మా సంఘ పెద్ద ఒకాయన నన్ను పక్కకు పిలిచాడు. ప్రభుత్వ ఆఫీసులో చేసి రిటైరైన మనిషి. మిడిల్ పాయింట్‌లో సొంత ఇల్లుంది, పైన తను ఉంటాడు, కింద భాగం అద్దెకిస్తాడు.

"తమ్ముడూ, నీ మనవి వింటూనే ఉన్నాను. కింద పోర్షన్ వచ్చే నెలకి ఖాళీ అవుతుంది. బయటోళ్ళకి ఇచ్చే బదులు మనోళ్ళకి ఇస్తే దేవుడు సంతోషిస్తాడు" అన్నాడు.

చెప్పిన అద్దె కూడా మాకు అందేదే. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. స్తోత్రం, స్తోత్రం అన్నాను. అందులో ఎవరున్నారు, వాళ్ళెందుకు వెళ్తున్నారు అని అడగాలని తోచనే లేదు.

మర్నాడు సాయంత్రం నేనూ నా భార్యా చూడ్డానికి వెళ్ళాం. వరండాలో తాడు మీద ఆడపిల్ల యూనిఫాం ఆరేసి ఉంది. తలుపు తీసినావిడకి మా వయసే ఉంటుంది. తెలుగావిడే కాని మా చర్చి మనిషి కాదు, భర్త పడవ మీద చేపల వేటకు వెళ్తాడట. పైనాయన పంపారని చెప్పగానే ఆవిడ మొహం చిన్నబోయింది. అయినా లోపలికి రమ్మంది. ఏ కిటికీలోంచి వాన జల్లు కొడుతుందో, ఏ స్విచ్ ముట్టుకుంటే షాక్ కొడుతుందో తనే తిప్పి చూపించింది.

ఇంట్లో ముసలి అత్తగారున్నారని చెప్పి, మీరెప్పుడు ఖాళీ చేస్తున్నారని నా భార్య మెల్లగా అడిగింది.

"మాకేటి తెలుసు దీదీ. బాడుగ ఏ నెలా ఆపలేదు. మొన్న పైకి పిలిచి, మా చర్చోళ్ళు వస్తన్నారు, మీరు ఎల్లిపోండి అన్నారు. పాప ఇస్కూలు దగ్గరని ఇక్కడున్నాం. ఇప్పుడీ ఏరియాలో మకాన్ ఎక్కడ దొరుకుతాది?"

ఆవిడ మమ్మల్ని తప్పుపట్టినట్టు ఏమీ అనలేదు, జరిగింది చెప్పింది అంతే. జంగ్లీఘాట్ ఇంట్లో గోడలు కొలిచిన మేస్త్రీ గుర్తొచ్చాడు. ఇక్కడ గోడల వంక చూస్తూ, అమ్మ మంచం ఎటు పడుతుందా అని అప్పటికే లెక్కేస్తున్నవాణ్ణి నేను.

దిగువకి నడుస్తూ మలుపు దగ్గరికి వచ్చాం. "మనం వద్దన్నా ఆయన వాళ్ళని ఉండనివ్వడు కదా" అంది నా భార్య. ఉండనివ్వడు అని వెంటనే అన్నాను. అది నిజమో కాదో తెలుసుకోవడం పెద్ద పనేం కాదు. మాకొద్దండి, వాళ్ళనే ఉంచండి అని ఆయనకి ఒక ఫోన్ చేస్తే తేలిపోయేది. సరే ఉంచుతాను అంటాడేమోనని నా భయం. అందుకే చేయలేదు.

మేం సామానుతో దిగిన రోజు ఆవిడ తాళం ఇవ్వడానికి గేటు దగ్గర నిలబడి ఉంది. ఇల్లు ఊడ్చి, తుడిచి ఉంది. వంటింటి వెనక డ్రమ్ములన్నీ అంచుదాకా నిండి, మూతలు పెట్టి ఉన్నాయి. డ్రమ్ములు ఇంటాయనవి. నింపిన కష్టం ఆవిడది.

"నిన్న కుళాయి వచ్చింది భయ్యా, నింపీసాను. సామాను దింపిన రోజే నీళ్ళకి తిప్పలు పడకూడదు. మీ ఇంట్లో ముసలమ్మ ఉన్నాది కదా" అంది.

ఏదో ఒకటి అనాలి కదా. థాంక్స్ దీదీ అన్నానో లేదో కూడా గుర్తులేదు. ఆ నీళ్ళతోనే నా భార్య టీ పెట్టింది. తాగకుండా ఏమీ మానలేదు, పొద్దుటినుంచీ మోసి మోసి గొంతెండిపోయి ఉంది. కాని సిగ్గేసింది. మా అమ్మ స్నానం చేసి వచ్చి, ఎవరో గాని మహాతల్లి అంది. అమ్మకి విషయం మేం చెప్పలేదు.

ఆ వారంలోనే ఇంట్లో కృతజ్ఞత కూటం పెట్టుకున్నాం. సంఘమంతా వచ్చింది. పాటలు పాడారు, సమోసాలు తిన్నారు. నన్ను సాక్ష్యం చెప్పమన్నారు. మూసుకున్న తలుపులన్నిటి మధ్యా దేవుడు మాకొక తలుపు తెరిచాడని చెప్పాను. ఆ తలుపులోంచి బయటికి వెళ్ళినవాళ్ళ ఊసెత్తలేదు. అందరూ ఆమెన్ అంటుంటే ఇంటాయన కళ్ళు తుడుచుకున్నాడు. ఆయన నటిస్తున్నాడని అనలేను, నిజంగానే మేలు చేశాననుకున్నాడు. అక్కడ అబద్ధమాడింది నేనొక్కణ్ణే.

తర్వాత ఒకరోజు జంగ్లీఘాట్‌లో చేపలు దింపేచోట ఆవిడ కనిపించింది. తప్పించుకుని పోదామనే చూశాను, ఆవిడే పలకరించింది. ఇల్లింకా దొరకలేదట. అన్నగారింట్లో ఒకే గదిలో సర్దుకుంటున్నారు, పాప రెండు బస్సులు మారి బడికొస్తోంది. అంతా చెప్పి, నీళ్ళు సరిపోతన్నాయా భయ్యా అని అడిగింది. సరిపోతున్నాయి అన్నాను.

ఆ ఆదివారం మనవుల వేళ లేచి నిలబడ్డాను. వెనక వరసలో ఆడవాళ్ళు ఆశ్చర్యంగా చూశారు, వీడికి ఇల్లు వచ్చేసిందిగా అని. తెలిసిన ఒక కుటుంబానికి మిడిల్ పాయింట్‌లో ఇల్లు కావాలి, ప్రార్థించండి అన్నాను. ఏ కుటుంబమో చెప్పే ధైర్యం అప్పటికీ రాలేదు. పాస్టర్ గారు ప్రార్థించారు. అందరికన్నా గట్టిగా ఆమెన్ అన్నది మా ఇంటాయనే.

బయట చెప్పులు వేసుకుంటుంటే నా భుజం మీద చెయ్యి వేశాడు.

"మంచి మనవి పెట్టావు తమ్ముడూ. మా వీధిలోనే నా స్నేహితుడి ఇల్లుంది. ఇప్పుడెవరో ఉంటున్నారు. నేనొక మాట చెప్తే ఖాళీ చేయిస్తాడు" అన్నాడు.

"ఉన్నవాళ్ళు ఎక్కడికి వెళ్తారండీ?" అన్నాను.

ఆయన అర్థంకానట్టు చూశాడు. ఎవరినో వెళ్ళగొట్టి ఇచ్చే ఇల్లు వాళ్ళకొద్దండి అన్నాను. నీ ఇష్టం తమ్ముడూ అని గేటు వైపు నడిచాడు. మరి నువ్వు మా ఇంట్లోకి ఎలా వచ్చావని అడుగుతాడేమోనని అక్కడే నిలబడ్డాను. అడగలేదు. అడిగితే బావుండేది.