దేవుని చిత్తమైతే శనివారం

నాచారంలో ఫ్యాక్టరీ గోడలు అప్పుడప్పుడే లేస్తున్న కాలం అది. ఉప్పల్ నుంచి సైకిల్ మీద వస్తే దారిలో మనుషుల కంటే మేకలే ఎక్కువ ఎదురయ్యేవి. ఆ రోజుల్లో "రేపు" అనే మాటకు ఏ రోజైనా అర్థం కావచ్చు. దర్జీ రేపంటే వచ్చే నెల, కంసాలి రేపంటే పెళ్లి అయిపోయాక. ఇచ్చేవాడికీ తెలుసు, పుచ్చుకునేవాడికీ తెలుసు, ఎవరూ నొచ్చుకునేవారు కాదు. అలాంటి లోకంలో మా మేనమామ ఒక్కడే "రేపు" అనడానికి భయపడేవాడు. రేపు మన చేతిలో లేదు, ఉన్నట్టు మాట ఇవ్వడం పాపమని ఆయన నమ్మకం. అందుకే ఏ రోజు పేరు చెప్పినా దాని ముందు "దేవుని చిత్తమైతే" అని చేర్చేవాడు. ఆదివారం గుడిలో పాస్టరయ్య అంటే బాగానే ఉండేది గానీ, చెక్క పెట్టెలు చేసే షెడ్డులో యజమాని అంటే వినేవాళ్ల చెవికి అది మరోలా తగిలేది. (ఇంట్లోనూ అంతే. అత్తమ్మ "అన్నం తింటవా?" అంటే "దేవుని చిత్తమైతే" అనేవాడు. "ఆయన చిత్తమై చానా సేపైంది, సల్లారుతున్నది, రా" అనేది ఆవిడ.)

నేను జనగామ దిక్కు మా ఊళ్లో మెట్రిక్ ఎలాగో గట్టెక్కి, టైపు కూడా నేర్చుకుని, ఇక పట్నం నా కోసమే ఎదురుచూస్తోందనుకుంటూ వచ్చి మామ షెడ్డులో పడ్డాను. వచ్చిన కొద్ది రోజులకే నాకు నేనే మేనేజర్ పదవి ఇచ్చుకున్నాను. మీసం కూడా అప్పుడే వస్తోంది కాబట్టి రెండింటినీ కలిపి దువ్వుకునేవాణ్ణి. ఫ్యాక్టరీల్లో తయారైన యంత్రాల భాగాలను రైలుకెక్కించడానికి చెక్క పెట్టెలు చేయడం మా పని. పొద్దున్నే రంపం పట్టకముందు ప్రార్థన. ఆదివారం తాళం. చెక్కలో పగులుంటే లప్పం పూసి దాచడం నిషేధం. మా పెద్ద వడ్రంగిని అందరం తాత అనేవాళ్లం. ఆయన క్రైస్తవుడు కాడు, అయినా ప్రార్థనలో కళ్లు మూసుకుని కూర్చుని అందరికంటే గట్టిగా "ఆమెన్" అనేవాడు. కాకపోతే మామ ఇంకా సగంలో ఉండగానే అనేవాడు.

ఆ ఏడు గిరాకీ బాగా పడిపోయింది. వచ్చినవాళ్లు రోజు అడగడం, మామ దేవుణ్ణి ముందుకు తేవడం, వాళ్లు సైకిలెక్కి అవతలి షెడ్డుకు పోవడం మామూలైపోయింది. చివరికి ఒక పెద్ద ఫ్యాక్టరీ స్టోర్స్ ఆఫీసర్ నుంచి పిలుపు వచ్చింది. మొదట కొన్ని పెట్టెలు చేయించి చూస్తారట. చెప్పిన రోజుకు అందితే ఏడాది పొడుగునా పని మాదే. ఆ పని దక్కకపోతే షెడ్డు మూయడమే, తాతా మిగతా వడ్రంగులూ ఎవరి ఊరికి వాళ్లు పోవడమే. అది అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనేవారు కాదు.

"మామా, సాబ్ ఎప్పుడిస్తవ్ అంటడు. నువ్వు శనివారం అను. గంతే. ఇంకేమనకు," అని సైకిల్ తొక్కుతూ దారంతా పాఠం చెప్పాను. వెనక క్యారియర్ మీద కూర్చున్న మామ బుద్ధిమంతుడైన విద్యార్థిలా "శనివారం, శనివారం" అని వల్లె వేశాడు. ఆఫీసులో సాబ్ నెరిసిన గడ్డంతో, మడత నలగని షేర్వాణీతో ఫైలు చూస్తున్నాడు. "ఏం మేస్త్రీ, ఎప్పుడిస్తవ్?" అని తల ఎత్తకుండానే అడిగాడు. మామ నా వైపు చూశాడు, పైకప్పు వైపు చూశాడు. ఇక లాభం లేదని నేనే "శనివారం పక్కా, సాబ్!" అన్నాను. హమ్మయ్య అనుకునేలోపు నా వెనకనుంచి సన్నగా "దేవుని చిత్తమైతే" అని వినబడింది.

సాబ్ కళ్లద్దాలు తీశాడు. "ఇన్షా అల్లా అంటున్నవా?"

"గదే సాబ్," అన్నాడు మామ, తన భాష తెలిసిన మనిషి దొరికినందుకు మొహం వెలిగిపోతూ.

"మా దర్జీ గూడ ఇన్షా అల్లా అంటడు. పండుగలు వస్తున్నయ్, పోతున్నయ్, షేర్వాణీ ఇంక కత్తెర కిందనే ఉన్నది. ఇది పాతది," అని ఒంటి మీది షేర్వాణీ అంచు పట్టి చూపించాడు. "జర చెప్పు మేస్త్రీ. గా మాట నీ నోట్లకెల్లి వస్తే నేను భరోసా జేయాల్నా, ఫికర్ జేయాల్నా?"

నమ్మాలా, దిగులు పడాలా అంటే మామ ఆ షేర్వాణీ అంచునే చూస్తూ నిలబడ్డాడు. సాబే, "సరే, జెయ్యి. శనివారం పెట్టెలు రాకుంటే మాత్రం దేవుని పేరు తీస్కొని నా ముందటికి రాకు," అన్నాడు.

పని మొదలైంది. మామ మంచి మామిడి చెక్క తెచ్చి, ఇంకా కాస్త పచ్చిగా ఉందని షెడ్డు ముందు ఎండలో పేర్చాడు. బుధవారం సాయంత్రం ఉప్పల్లో ప్రార్థన కూటం. మబ్బు కమ్ముతోంది. తాత ఇంటికి పోతూ "కప్పి పో బిడ్డా" అంటే, "ఆయన పనికే పోతున్న గదా, ఆయనే సూస్కుంటడు" అని మామ నన్ను వెంటబెట్టుకుని, బైబిలు చంకన పెట్టుకుని వెళ్లిపోయాడు. కూటంలో మొదటి పాట సగం కాకుండానే వాన దంచి కొట్టింది. మర్నాడు చూస్తే చెక్కంతా నీళ్లు మింగి బరువెక్కి ఉంది. తాత ఒక పలక ఎత్తి ముక్కుతో వాసన చూసి, "ఇట్లనే మేకులు కొట్టొచ్చు. శనివారం సక్కగనే కనబడతయ్. ఎండినంక సందులు వడ్తయ్, గప్పటికి రైలెక్కిపోతయ్" అన్నాడు. మామ తల అడ్డంగా ఊపాడు.

"మరి సాబ్‌కు ఏం జెప్తవ్?" అన్నాను. అందరికీ ఒకటే తోచింది. వాన పంపింది దేవుడు, దేవుని చిత్తం కాలేదు, అంతే. దీనికి మించిన సాకు ప్రపంచంలో ఇంకొకటి ఉందా? నేను ఇంకో అడుగు ముందుకేసి వాన మీద ఇంగ్లీషులో ఒక ప్రసంగమే తయారుచేసుకున్నాను. అందులో "మాన్సూన్" అనే మాట చాలాసార్లు వచ్చేలా చూసుకున్నాను. మామ మాత్రం రెండు రోజులూ చెక్కను తిప్పి తిప్పి ఎండబెట్టాడు. ప్రార్థన ఎంత పొట్టిగా చేశాడంటే, తాత ఆమెన్ అనడానికి సందు దొరకలేదు.

శనివారం ఖాళీ చేతులతో సాబ్ బల్ల ముందు నిలబడ్డాం. నా ప్రసంగం సిద్ధంగా ఉంది. గొంతు సవరించుకున్నానో లేదో, మామ ముందే అందుకున్నాడు.

"పెట్టెలు కాలేదు, సాబ్."

"ఏం? నీ దేవుని చిత్తం కాలేదా?"

"దేవునికేం సంబంధం లేదు, సాబ్. మబ్బు వట్టింది కండ్లార సూసిన. తాత కప్పుమన్నడు. నేను కప్పకుండ వోయిన. తడి చెక్కతోని కొట్టి ఇస్తే ఇయ్యాల ఇయ్యొచ్చు, గని మీ సామాను ఖరాబైతది. తప్పు నాది. మంగళారం ఇస్త."

మంగళవారం అన్నాడు, అక్కడితో ఆపేశాడు. నేను ఉలిక్కిపడి మామ మొహం చూశాను. పెదవులు బిగబట్టి, లోపలినుంచి వస్తున్నదేదో ఆపుకుంటున్నాడు. సాబ్ కూడా దానికోసమే చూస్తున్నట్టున్నాడు.

"ఇన్షా అల్లా అనవా?"

"అంటే మీరు ఫికర్ జేస్తరు గదా, సాబ్," అన్నాడు మామ.

సాబ్ ఫైలు మూసి కుర్చీలో వెనక్కి వాలాడు. "అను మేస్త్రీ," అన్నాడు మెల్లగా. "ఇప్పుడు అను. ఇప్పుడు నాకు భరోసా అయితది."

మామ అన్నాడు. ఆ మాట ఆయన నోట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు, కానీ ఆ రోజు విన్నట్టు మళ్లీ ఎప్పుడూ వినలేదు. నా కళ్లు ఎందుకు తడయ్యాయో అప్పుడు నాకు అర్థం కాలేదు. (ప్రసంగం వృథా అయిందన్న బాధేమోననుకున్నాను.)

మంగళవారం పెట్టెలు చేరాయి. ఏడాది పని మాకే దక్కింది, ఎవరూ ఊరికి పోలేదు. తర్వాత నేనూ సొంతంగా షెడ్డు పెట్టాను, తల నెరిసేదాకా నడిపాను. ఆలస్యమైనప్పుడల్లా వానను, కరెంటును, లారీలను సాక్ష్యానికి పిలిచినవాణ్ణే గానీ, నాదే తప్పని బల్ల ముందు నిలబడి చెప్పడం ఎంత కష్టమో అప్పుడు గానీ తెలిసిరాలేదు. అందుకే ఆ శనివారం గుర్తొస్తే నవ్వొస్తుంది, నవ్వుతో పాటు ఇంకేదో కూడా వస్తుంది. ఇద్దరు పెద్దమనుషుల మధ్య ఏం జరిగిందో ఒక్క ముక్క అర్థం కాని ఆ మీసాల మేనేజర్, అంటే నేనే, ఆ రోజు గేటు దాటగానే ఛాతీ విరుచుకుని, "సూసినవా మామా, నేను పక్కన ఉండవట్టి పనైంది!" అన్నాడు.

మామ నా భుజం మీద చెయ్యి వేశాడు. "అవును అల్లుడా, నువ్వు లేకుంటే ఏమైతుండెనో," అని సైకిల్ వెనక ఎక్కి కూర్చున్నాడు. నాకు తెలిసి మామ ఆడిన అబద్ధం అదొక్కటే.